ఆదివారం పదింటికి సంతకాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట మా ఆయన రోజుకొకసారైనా అంటాడు. కాదనను. కానీ ఆ కోపమే లేకపోతే ఈ సంగతి జరిగేదే కాదు, కాబట్టి దాని గురించి ఎవరూ నాకు నీతులు చెప్పొద్దు.

నా మొదటి పుస్తకం అచ్చయి వచ్చింది. హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో రెండు అట్టపెట్టెలు దిగాయి. ఒకటి స్కూటర్ ముందర, ఇంకొకటి నా ఒళ్లో పెట్టుకొని గోదావరిఖని బజారంతా దాటి క్వార్టర్‌కు తెచ్చుకున్నాం. చెప్పులు కూడా విప్పకుండా కూరగాయల కత్తితో టేపు కోసి, పైనున్న పుస్తకం తీసి ముక్కుకు ఆనించుకున్నాను.

"ఏందే, తింటవా ఏంది?" అన్నాడు మా ఆయన.

తినేసేదాన్నే. అట్ట మీద నా పేరు ఉంది మరి! వేలితో తడిమి చూశాను, చెరిగిపోతుందేమో అన్నట్టు. చెరగలేదు. ఆ సాయంత్రం అన్నం వండటం మర్చిపోయాను. మా ఆయన వెళ్లి ఇడ్లీలు కట్టించుకొచ్చాడు. ఆయన మంచివాడే, నోరు ఒక్కటే ఊరుకోదు.

నేను గనిలో పని చేస్తానంటే బయటి ఊళ్లవాళ్లు కళ్లు పెద్దవి చేస్తారు. నేను కిందికి దిగను. పైన ల్యాంప్ రూంలో ఉంటాను. మా నాయన ఇక బొగ్గుబాయిలో దిగే పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చాక ఆ నౌకరి నాకు వచ్చింది. షిఫ్టుకు వచ్చిన ప్రతి మనిషీ మా కిటికీ దగ్గర తన ఇత్తడి బిళ్ల ఇచ్చి, తన నంబరున్న దీపం తీసుకొని, టోపీకి తగిలించుకొని దిగుతాడు. ఎక్కి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ల తీసుకుపోతాడు. షిఫ్టు అయిపోయాక కూడా మేకుకు ఒక బిళ్ల వేలాడుతుందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఆ బిళ్ల వంక చూస్తూ గడిపిన గంటల గురించే నా కథలన్నీ. ఈ ఉద్యోగంతో నాకు పట్టుకున్న జబ్బు ఒకటుంది. మనుషుల పేర్లు గుర్తుండవు, నంబర్లే గుర్తుంటాయి. బజార్లో ఎవరన్నా నవ్వితే, 'రెండొందల పద్నాలుగు కదా!' అని నేనూ నవ్వుతాను. హాజరు పడిందా అని మా దగ్గర ఎవరూ అడగరు, మస్టర్ పడ్డదా అంటారు. మస్టర్ పడితేనే ఆ రోజు ఆ మనిషి ఉన్నట్టు లెక్క.

పుస్తకం ఫొటో గ్రూపుల్లో పెట్టగానే మెచ్చుకోళ్లు వచ్చాయి. చప్పట్ల బొమ్మలు, పువ్వుల బొమ్మలు వచ్చాయి. వాటి వెనకే, "అక్కా, లింకు పంపు, ఆర్డర్ పెడత" అని ఒకరు. "లింకు ప్లీజ్" అని ఇంకొకరు. ఎదురు లైన్ క్వార్టర్లో ఉండే ఆమె, మా గుమ్మం నుంచి పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న ఆమె కూడా లింకే అడిగింది! నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే రాశాను: 'లింకు లేదు, గింకు లేదు. పుస్తకం కావాల్సినవాళ్లు చౌరస్తా వెనక సందులో చాచా దుకాణానికి వచ్చి కొనుక్కోండి.'

"నీ పుస్తకం అమ్ముడు పోకుంట నువ్వే కాపలా కాస్తున్నవ్ గదనే," అన్నాడు మా ఆయన.

చాచా దుకాణం గురించి చెప్పాలి. బడి పుస్తకాలు, గైడ్లు, లాంగ్ నోట్‌బుక్కులు, పెన్నులు, దరఖాస్తు ఫారాలు, గ్రాఫు కాగితాలు, గోడకు తగిలించే పటాలు, అన్నీ దొరికే ఒక షట్టర్ దుకాణం అది. మా ఊళ్లో చదువుకున్న పిల్లలెవరూ ఆ మెట్టు ఎక్కకుండా పెద్దవాళ్లు కాలేదు. చాచాది ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబం. కానీ ఆయన తెలుగు రాత చూస్తే తెలుగు టీచర్లు సిగ్గుపడాలి. ప్రతి జూన్‌లో నోటుపుస్తకాలు కొన్న పిల్లలందరికీ లేబుళ్లు ఊరికే ఇచ్చి, పేరు, తరగతి, సబ్జెక్టు తనే రాసి అంటించేవాడు. సందు మొదలు దాకా వరుస ఉండేది. నా పేరు ఇంత అందంగా ఉంటుందని నాకు మొట్టమొదట తెలిసింది ఆ లేబుల్ మీదే. మూడో తరగతిలో ఆ లేబుల్ చూసుకుంటూ రెండు రోజులు ఆ పుస్తకంలో ఏమీ రాయలేదు నేను, పాడైపోతుందని.

ఇంకో సంగతి కూడా ఉంది. వారపత్రికలు కొనే స్తోమత మాకు లేదు. దుకాణం పక్కన నిలబడి సీరియళ్లన్నీ చదివేసేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా పొమ్మనలేదు. "మడత పడొద్దు బేటీ, గంతే," అనేవాడు.

అందుకని మొదటి కాపీ పట్టుకొని ఆయన దగ్గరికే ఉరికాను. చాచా తువ్వాలుతో చేతులు తుడుచుకొని, పుస్తకం అందుకొని, అద్దాలు సర్దుకొని నా పేరు కూడబలుక్కుంటూ చదివాడు. చదవడం రాక కాదు, నిదానంగా చదవాలని.

"దీర్ఘం సరిగ్గనే పడ్డది," అన్నాడు. ఆయన కళ్లు తడిశాయి. నేను చూడనట్టు నటించాను.

అప్పుడే దుకాణం ముందున్న నల్లబోర్డు నా కంటబడింది. దాని మీద ఎప్పుడూ 'కొత్త గైడ్లు వచ్చినవి' లాంటి మాటలుంటాయి. ఈసారి ఒకే వాక్యం ఉంది: 'ఈ దుకాణము నెలాఖరుకు మూసివేయబడును.'

"గిదేంది చాచా?"

"ఏమున్నది బేటీ. షట్టర్ ఇంకొకలకు మాట్లాడిన. సెల్‌ఫోన్ కవర్లు పెట్టుకుంటరట."

"ఎవరు మూయమన్నరు నిన్ను?"

"మోకాళ్లు అన్నయ్," అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన కూడా నవ్వు ఆపేశాడు. "నోటుపుస్తకాలు బడిలనే ఇస్తున్నరు. గైడ్లు ఫోన్లనే చూస్తున్నరు. పొద్దంత కూసుంటె పలకరించెటోళ్లు సుత లేరు. ఈసారి లేబుల్సు సుత తెప్పిస్తలేను బేటీ. ఎవరికి రాయాలె?"

లేబుళ్లు తెప్పించడం లేదన్న మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వచ్చిన ప్రతిసారీ నాకు కోపం కూడా వస్తుంది. "పుస్తకం మీద సంతకాలు చేసే ఫంక్షన్ ఈడనే పెడత. ఈ మెట్టు మీదనే. ఎవరు పలకరియ్యరో నేనూ చూస్త!" అని అరిచినట్టే చెప్పాను. ఎదురుగా టీ హోటలాయన గరిట పట్టుకొని బయటికి వచ్చి చూశాడు.

నాకు కావాల్సింది ఒక్కటే. ఆ ఒక్క పూట ఆ సందు నిండాలి. చాచా దాన్ని తన కళ్లతో చూడాలి. చూసి, షట్టర్ మాట వెనక్కి తీసుకోవాలి. పుస్తకం ఎంతమంది చదువుతారన్నది తర్వాతి సంగతి.

పుస్తకం వేసినవాళ్లు ఫోన్‌లో, "హాల్ తీసుకోండి మేడం, ముఖ్య అతిథిని పిలుద్దాం," అన్నారు. మా ముఖ్య అతిథి ఇప్పటికే దుకాణంలో కూర్చొని ఉన్నాడని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇక నా హడావుడి చూడాలి! ఒక షరతు పెట్టుకున్నాను: ఫంక్షన్‌కు కావాల్సిన ప్రతి వస్తువూ ఆ సందులోనే తీసుకోవాలి. బల్ల మీద పరిచే గుడ్డ మూలమీది బట్టల కొట్టులో, టీ ఎదురు హోటల్లో, మైకు ఆ పక్క మైక్‌సెట్ దుకాణంలో. కుర్చీలు టైలరన్నవి. ఆయన నా జాకెట్టు కూడా శనివారానికల్లా ఇస్తానన్నాడు, నిజంగానే ఇచ్చాడు కూడా. మా ఊళ్లో టైలర్ చెప్పిన రోజుకు జాకెట్టు ఇచ్చాడంటే అది మామూలు విషయం కాదు. డ్యూటీ దిగి రోజూ ఆ సందుకే పోయేదాన్ని. నెలల తరబడి ఆ దుకాణాల ముందు నుంచి స్కూటర్ మీద దూసుకుపోయానే కానీ లోపలికి తొంగి చూడలేదు. చాచా దగ్గరికి కూడా ఎంత కాలానికి వచ్చానో తలుచుకుంటే సిగ్గేసింది. లింకు అడిగినవాళ్ల మీద ఎగిరాను కానీ, మా ఇంట్లోకి పోయినేడాది పెన్నుల ప్యాకెట్టు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదా? కొరియర్లో వచ్చింది.

ఫ్లెక్సీ కొట్టిద్దామన్నాడు మా ఆయన. చాచా నొచ్చుకున్నాడు.

"నేనుండంగ ఫ్లెక్సీ ఎందుకు? బోర్డు మీద నేనే రాస్త."

శనివారం సాయంత్రం పోయి చూస్తే బోర్డు తయారుగా ఉంది. తెల్ల సుద్దతో, ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ పై వాక్యం అట్లాగే ఉంది. దాని కిందనే కొత్త వాక్యాలు చేరాయి:

'ఈ దుకాణము నెలాఖరుకు మూసివేయబడును.
ఆదివారం ఉదయం 10 గంటలకు సంతకాలు.
అందరూ రాగలరు.'

"ఆ మీదిది తుడిచెయ్యి చాచా!"

"ఎట్ల తుడుస్త? పాత గిరాకీలకు తెల్వాలె గద. ఉన్నది ఒక్కటే బోర్డాయె."

కొట్లాడదామనుకున్నాను. కానీ 'సంతకాలు' అన్న మాటలో 'త' ఒంపు చూసి కరిగిపోయాను. ఫొటో తీసి అన్ని గ్రూపుల్లోనూ పెట్టాను. అక్కడ ఏం రాసి ఉందో నేను చదివాను కానీ మా ఊరు దాన్ని ఎలా చదువుతుందో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. రచయిత్రిని మరి!

ఆదివారం తొమ్మిదింటికే కొత్త జాకెట్టు, ఆకుపచ్చ చీర, తలలో పూలు. బల్ల మీద పుస్తకాలు దొంతరగా పేర్చాను. రెండు పెన్నులు చాచా దగ్గరే కొన్నాను. సంతకం ఎలా చేయాలో రాత్రంతా పాత కాగితాల మీద సాధన చేసిన సంగతి మా ఆయన అందరికీ చెప్పేస్తాడని ముందే బెదిరించి ఉంచాను.

పది అయింది. ఎవరూ లేరు. పదింబావు. ఒక ఆవు వచ్చి టేబుల్ గుడ్డ వాసన చూసి పోయింది. మైక్‌సెట్ ఆయన "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని సందంతా వినపడేలా అని, ఎవరూ లేక తనే నవ్వుకున్నాడు. పదిన్నర. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. సర్దిన పుస్తకాలనే మళ్లీ సర్దాను. నా దిగులు నా పుస్తకం గురించి కాదు. చాచా చూస్తున్నాడు. సందు నిండటం చూపిస్తానని చెప్పి, సందు ఖాళీగా ఉండటం చూపిస్తున్నాను. ఆయన అన్నదే నిజమని నేనే సాక్ష్యం ఇస్తున్నట్టయింది.

"ప్లేడే గద బేటీ. మెల్లగ లేస్తరు, ఫికర్ చెయ్యకు," అన్నాడు చాచా. మా దగ్గర ఆదివారాన్ని ప్లేడే అంటారు. ఆయన నన్ను ఓదారుస్తుంటే నాకు ఇంకా దుఃఖం ముంచుకొచ్చింది.

అప్పుడు సైకిల్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల అంగీ, జేబులో పెన్ను. ఒకప్పుడు కోల్ కట్టర్‌గా చేసి రిటైరైన మనిషి, మా నాయనకు దోస్తు. నేను కాకా అని పిలుస్తాను. సైకిల్‌కు స్టాండ్ వేసి, నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, "ఏడ పెట్టాలె?" అన్నాడు.

"కూసో కాక! పుస్తకం తీసుకో, నేను పెడత."

"నా సంతకం నువ్వెట్ల పెడ్తవ్? నాది నేను పెడత."

తమాషా చేస్తున్నాడనుకున్నాను. ఎక్కడ సంతకం చేస్తానో చూపిద్దామని ఒక పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాను. అంతే, ఆయన పుస్తకం లాక్కొని, అద్దాలు పెట్టుకొని, తన పెన్నుతో తన పేరు రాశాడు. దాని కింద 'రిటైర్డ్ కోల్ కట్టర్' అని రాశాడు. దాని కింద తన గని నంబరు. ఆ తర్వాత సంతకం. చివరికి తారీఖు కూడా వేశాడు.

"ఇగో, నాది అయిపాయె. ఎనక ఇంక నలుగురు వస్తున్నరు, జాగ ఉంచిన."

"కాకా! అది నా పుస్తకం!"

"నీ పుస్తకంల గాకుంటె ఎవరి పుస్తకంల పెట్టాలె? కాయితాలు తేకపోతివి."

నాకు కోపం నెత్తికెక్కింది. అచ్చుకు పోయే ముందు ఆ మొదటి పేజీ కోసం ఎన్ని రోజులు తగువులాడానో! నోరు తెరిచేలోపే ఆయన చెప్పిన నలుగురూ వచ్చేశారు. నలుగురి చేతుల్లోనూ పెన్నులు. వాళ్ల వెనక ఒక యూనియనాయన, ఇస్త్రీ చొక్కా, చేతిలో డైరీ.

"ఏ యూనియన్ తరఫున, చెల్లె?" అని అడిగాడు నన్ను.

"ఏ యూనియన్ లేదన్నా."

"ఇండిపెండెంటా?" అని తల ఊపాడు, మెచ్చుకున్నాడో అనుమానించాడో నాకు తెలియలేదు.

ఆయన పక్కనుంచి మార్కెట్లో కూరగాయలమ్మే అవ్వ ముందుకొచ్చింది. ఆమె కొంగులో ఒక చిన్న డబ్బా ఉంది. తీసి చూపించింది. వేలిముద్రలు వేసే సిరా డబ్బా! ఎక్కడ పెట్టాలో చూపిస్తే చాలన్నట్టు బొటనవేలు ముందుకు చాచింది.

"నాకు రాయరాదు బిడ్డ. ఏలు ముద్ర ఏస్త. మా మనుమరాండ్ల పేర్లన్ని చాచానే రాసిండు పుస్తకాల మీద. దుకాణం మూస్తె ఎట్ల?"

అప్పుడు తట్టింది నాకు. తిరిగి బోర్డు చూశాను. దుకాణం మూసివేయబడును. ఆదివారం పదింటికి సంతకాలు. అందరూ రాగలరు.

మా బొగ్గుబాయిల ఊళ్లో సంతకాలు అంటే ఒకటే అర్థం. క్వార్టర్లకు నీళ్లు రాకపోతే సంతకాలు. బస్సు ఆగకపోతే సంతకాలు. గని మూస్తారని పుకారొస్తే సంతకాలు. ఒక కాగితం మీద అందరూ పేరు, పని, గని నంబరు రాసి సంతకం పెట్టి, మెమోరాండం అని జీఎం ఆఫీసులో ఇచ్చి వస్తారు. పుస్తకం రాసినామె సంతకం పెడుతుంది, మిగతావాళ్లు పెట్టించుకుంటారు అని మా ఊళ్లో ఎవరికి తెలుసు? నేనే ఫొటో తీసి ఊరంతా పంచాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన అప్పటికే టైలరన్న షట్టర్ పట్టుకొని వంగిపోయి నవ్వుతున్నాడు.

పదకొండింటికల్లా సందు నిండిపోయింది. అబద్ధం కాదు, సైకిళ్లు చౌరస్తా దాకా ఆగిపోయాయి! సెంటినరీ కాలనీ నుంచి ఒక ఆటో నిండా వచ్చారు. నస్పూర్ నుంచి ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చి, "నేను ఈడ చదువుకున్న, నాది సుత పెట్టాలె," అన్నాడు. మొదటి పేజీ నిండింది, దాని వెనక పేజీ కూడా నిండింది. ఫిట్టరు, ట్రామర్, క్లర్కు, నర్సమ్మ, మూడో తరగతి టీచర్, ఆటో డ్రైవర్. మధ్యలో ఊదారంగు వేలిముద్ర. కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఆ పుస్తకం చేతులు మారుతుంటే గాల్లో నడుస్తున్నట్టుంది నాకు.

యూనియనాయన మైకు అందుకున్నాడు. అది సహజమే, మైకు దగ్గర అంతసేపు ఊరుకోవడమే గొప్ప. "ఈ దుకాణం ఎవని ఆర్డర్ మీద మూస్తున్నరు? షట్టర్ ఓనరా? మున్సిపాలిటీనా? చెప్పాలె!"

"చెప్పాలె!" అంది సందు.

చాచా లోపలి నుంచి మెల్లగా బయటికి వచ్చాడు. "ఎవని ఆర్డర్ లేదు," అన్నాడు. "నేనే మూస్తున్న."

అందరూ చల్లబడిపోయారు. మైకు ఒక్కటే గుయ్‌మంటోంది. ఎదురుగా జీఎం లేడు, ఆఫీసరు లేడు. మా చాచానే ఉన్నాడు. నా ఆశ కాస్తా అడుగంటింది. ఇంకేం చేస్తారు, పెన్నులు జేబుల్లో పెట్టుకొని పోతారు అనుకున్నాను.

కోల్ కట్టర్ కాక ఆలోచించాడు. పెన్ను క్యాప్ తీసి, మళ్లీ పెట్టి, "నువ్వేనా?" అని అడిగాడు.

"నేనే."

"అయితె మెమోరాండం నీకే ఇయ్యాలె."

అబ్బ, ఆ కేకలు! టీ హోటలాయన గరిటతో గిన్నె మోగించాడు. "రాయి బిడ్డ, నువ్వు రచయిత్రివి గద!" అని కాక నా వైపు పుస్తకం నెట్టాడు. సంతకాల పేజీకి ముందున్న తెల్ల పేజీ మీద రాయడం మొదలుపెట్టాను. విషయం: దుకాణం మూయవద్దని కోరుట గురించి. పైన 'గౌరవనీయులైన' అని రాసి ఆగిపోయాను.

"చాచా పేరేంది?" అని గుసగుసగా కాకను అడిగాను.

కాక టైలరన్న వైపు చూశాడు. టైలరన్న టీ హోటలాయన వైపు చూశాడు. దుకాణం బోర్డు మీద ఉన్నది ఆయన బిడ్డ పేరు. మా అందరి పేర్లూ రాసిన మనిషి పేరు మా ఒక్కరికీ తెలియదు. తలొంచుకున్నాను. 'చాచా గారికి' అనే రాశాను.

ఆ మూడు పేజీలనూ మా ఆయన పక్క దుకాణంలో జిరాక్స్ తీయించాడు. కాక అసలు పుస్తకం చాచా చేతిలో పెట్టి, జిరాక్స్ కాగితాలు ముందుకు జరిపాడు.

"రిసీవ్డ్ అని రాసి సంతకం పెట్టు. కాపీ మాకుండాలె. గట్ల ఊకెనే ఇచ్చి పోము."

ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిన మనుషులు వీళ్లు! చాచా వాళ్లందరినీ ఒకసారి చూశాడు. కింద 'అందింది' అని తెలుగులో రాశాడు. సంతకం మాత్రం ఉర్దూలో చేశాడు. కుడి నుంచి ఎడమకు, ఒక్క ఊపులో.

"గిదేంది, మాకు సదువ రాదు గద," అన్నాడు కాక.

"నా పేరు."

"ఏం పేరు చాచా?" అన్నాను నేను.

"నెలాఖరుకు దుకాణానికి రా బేటీ. చెప్త."

"మరి మెమోరాండం సంగతి?" యూనియనాయన మైకులోనే అడిగాడు.

చాచా గొంతు సవరించుకొని, అచ్చం ఆఫీసులో చెప్పినట్టే, "పరిశీలిస్త," అన్నాడు. సందంతా పగలబడి నవ్వింది.

ఆ తర్వాత కాక నా ముందు కూర్చున్నాడు. "మేం పెట్టినం. ఇగ నువ్వు పెట్టు." ఆయన వెనక వరుస మొదలైంది. నేను ప్రతి ఒక్కరి పేరు అడిగి రాశాను. వాళ్లలో మా గని వాళ్లు కూడా ఉన్నారు. "నువ్వు రెండొందల పద్నాలుగు గదన్నా?" అంటే, "దీపం నాది గంతే, నాకు పేరున్నది అక్కా," అన్నాడు ఒకాయన. ఆ పేరు రాసేటప్పుడు నా చేతి కింద అక్షరాలు కొత్తగా అనిపించాయి. రెండు పెట్టెలూ అయిపోయాయి. పుస్తకం దొరకనివాళ్లు ఊరికే పోలేదు. గమ్ డబ్బాలు, కార్బన్ పేపర్లు, నోటుపుస్తకాలు, ఏది దొరికితే అది కొన్నారు. కాక జామెట్రీ బాక్స్ కొన్నాడు.

"నీ ఇంట్ల చిన్న పిల్లలు ఎవరున్నరు కాక?"

"ఎవ్వరు లేరు. ఉండనీ."

నెలాఖరు రోజు నాకు మొదటి షిఫ్టు. మూడింటికి డ్యూటీ దిగి, ఇంటికి కూడా పోకుండా సందుకు ఉరికాను. దూరం నుంచే చూశాను, షట్టర్ సగం కిందికి దించి ఉంది. మేకుకు మిగిలిపోయిన బిళ్లను చూసినట్టు ఆ షట్టర్‌ను చూశాను. వంగి లోపలికి దూరాను.

నేల తడిగా ఉంది. చాచా లుంగీ ఎగ్గట్టి దుకాణం కడుగుతున్నాడు. సందు నుంచి నీళ్లు లోపలికి రాకుండా షట్టర్ దించుకున్నాడట! నల్లబోర్డు లోపల గోడకు ఆనించి ఉంది, తుడిచి శుభ్రంగా. కౌంటర్ మీద కొత్త లేబుళ్ల కట్టలు ఉన్నాయి. విప్పని కట్టలు.

"తెప్పిచ్చినవా చాచా?"

"కవర్ల ఆయనకు వేరే షట్టర్ చూపెట్టిన," అని, ఏమీ జరగనట్టు చేతులు తుడుచుకొని, ఒక కట్ట విప్పి ఒక లేబుల్ నా ముందు పెట్టాడు. పక్కన ఆ రోజు అందరూ సంతకాలు పెట్టిన పుస్తకం పెట్టాడు. పెన్ను నా చేతికిచ్చాడు. "ఈసారి మొదటిది నువ్వు రాయి. నాది."

వంగి, నా చెవిలో తన పేరు చెప్పాడు. తెలుగులో రాశాను. ఆ పేరు ఇక్కడ మాత్రం రాయను. చూడాలనుకున్నవాళ్లు ఆ దుకాణానికి రావాలి, లింకు లేదు. ఒక అక్షరం వంకర పోయింది. చాచా లేబుల్‌ను వెలుగుకు పట్టుకొని, అద్దాలు సర్దుకొని, తన పేరును మెల్లగా చదువుకున్నాడు.

"రాత మంచిగ లేదు," అన్నాడు. "కానీ మస్టర్ పడ్డది."

లేబుల్ పుస్తకానికి అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ అదిమాడు. తర్వాత ఇద్దరం చెరో పక్క పట్టుకొని షట్టర్ పైకి లేపాం.